తుపాను హెచ్చరికయు యోనా కోపమును

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున గోదావరిఖనిలో జరిగిన సాయంకాల కూటములో ఒక సంఘ కాపరి చేసిన ప్రసంగము)



"మన డయాసిస్ చరిత్రను గూర్చి చెప్పండి అయ్యగారూ" అని పెద్దలు నన్ను కోరిరి. ఆ చరిత్రను నాకంటె బాగుగా ఎరిగినవారు మన మధ్య ఉన్నారు, వారు చెప్పుదురు. నేను ఈ సాయంకాలము తుపానును గూర్చి మాటలాడ దలచితిని. సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున, బొగ్గు బాయిల మధ్య కాపురమున్న మనకు తుపానుతో ఏమి పని అని మీరనుకొనవచ్చును. పని ఉన్నది. మన కాలనీలలో కోస్తానుండి వచ్చి స్థిరపడిన కుటుంబములున్నవి. అది ఒకటి. మనము గోదావరి ఒడ్డున ఉన్నాము, ప్రతి వానకాలమునను "ఊరు విడువుడి" అను మాట మన చెవిని పడుచున్నది. ఇది రెండవది. ఆ మాట ఎవరు చెప్పవలెను, ఏ గడియలో చెప్పవలెను, చెప్పినప్పుడు మనము కదలవలెనా వద్దా అనునదే నా ప్రసంగము. ఇప్పుడు చదువబడిన యోనా గ్రంథము నాలుగవ అధ్యాయమును మీ మనస్సులో ఉంచుకొనుడి. దాని దగ్గరకు కొంచెము ఆలస్యముగా వచ్చెదను.

1977 నవంబరు 19, శనివారము. అప్పటికి వారము క్రిందట, నవంబరు 12న, ఒక తుపాను తమిళనాడులో నాగపట్టణము దగ్గర తీరము దాటియుండెను. అందరి దృష్టియు అటువైపున ఉన్నది. ఇంతలో అండమాను దిక్కున మరియొక వాయుగుండము పుట్టినది. అది మొదట పడమరగా సాగి, తరువాత ఉత్తరపు దిక్కునకు తిరిగి, ఆ శనివారము కృష్ణానది సముద్రములో కలియుచోట దివిసీమమీద పడెను. గాలి, వాన మాత్రమే అయినయెడల కథ వేరుగా ఉండెడిది. సముద్రము 5 మీటర్ల ఎత్తున, అనగా ముగ్గురు మనుష్యులను ఒకనిమీద ఒకని నిలువబెట్టినంత ఎత్తున లేచి, మైళ్లకొలది భూమిమీదికి వచ్చెను. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ ప్రాంతములలోను, సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్లలోను ఆ రాత్రి గడచి తెల్లవారువరకు బ్రతికినవారు చెట్లను పట్టుకొని బ్రతికినవారే. చనిపోయినవారు సుమారు పదివేలమంది అని లెక్క. అంతకంటె చాల ఎక్కువయని అక్కడివారు నేటికిని అందురు.

హెచ్చరిక లేదా? ఉన్నది. తుపాను వచ్చుచున్నదని వాతావరణ శాఖ చెప్పెను, రేడియోలో చదివిరి. అయితే జనులు ఎరిగిన తుపాను గాలివాన మాత్రమే. గుడిసె కప్పు ఎగిరిపోవును, రెండు దినములలో మరల వేసికొందుము అనుకొనిరి. సముద్రమే లేచి ఇంటికి వచ్చునని ఎవరు తలంతురు? అదే తీరమున, బందరులో, 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది చనిపోయిరి. కాని అది నూటపదమూడేండ్ల నాటి మాట. తాత చెప్పిన కథను మనుమడు మరచును. మునిమనుమనికి అసలే తెలియదు. పైగా అవి వరి కోతకు వచ్చిన దినములు. పశువులు కొట్టములో ఉన్నవి. పొమ్మన్నను ఎక్కడికి పోవుదురు? ఆ లంకలలో నీటికి అందనంత ఎత్తైన కట్టడములు ఎన్ని ఉండెను?

తప్పు ఎవరిది అని ఆ తరువాత చాల వాదన జరిగినది. దానిని విడిచిపెట్టుచున్నాను. ఒక్క మాట మాత్రము చెప్పవలెను. ఆ దినములలో కొందరు బోధకులు దివిసీమ ఉప్పెనను అక్కడివారి పాపములకు శిక్షయని ప్రసంగించినట్లు నేను పెద్దలవలన వింటిని. సిలోయములో గోపురము కూలి చచ్చిన పదునెనిమిది మందిని గూర్చి మన ప్రభువు ఏమి అడిగెనో లూకా సువార్తలో చదువుడి. అంతకంటె నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు పండ్రెండు సంవత్సరములు దాటి రండి. 1990 మే 9. దాదాపు అంత బలమే గల తుపాను, దాదాపు ఆ చోటనే, బందరుకు దక్షిణమున తీరము దాటినది. చనిపోయినవారు 967 మంది. "967 మందే" అని నేను అనను. ఆ మాట ఆ 967 ఇండ్ల ముందు నిలిచి అనగలవాడు అనవలెను. అయినను పదివేలకును ఆ సంఖ్యకును నడుమ ఉన్నది ఏమి? గాలి దయ తలచలేదు, సముద్రము మారలేదు. ఆ నడుమ ఉన్నది సుమారు 6 లక్షల 50 వేలమందిని గాలి లేవకముందే ఇండ్లలోనుండి లేపి తీసికొనిపోయిన పని.

ఆ పని ఒక్క దినమున పుట్టలేదు. 1977 తరువాత తీరము పొడుగునను తుపాను షెల్టర్లు కట్టిరి. కొన్ని ప్రభుత్వము కట్టినది, కొన్ని సేవా సంస్థలు కట్టినవి. మన సంఘముల పక్షమున పనిచేయు కాసా సంస్థ కట్టినవియు వాటిలో ఉన్నవి. స్తంభములమీద మేడ, క్రింద ఖాళీ, నీరు అడ్డులేక పోవునట్లు. మామూలు దినములలో అందులో బడి నడుచును. ఇది నాకు చాల నచ్చిన సంగతి. బడిగా నడుచు షెల్టరు తలుపు తెరచియుండును, దాని దారి పిల్లలకు సహితము తెలియును. వాడుకలేని షెల్టరుకైతే ఆపద వచ్చిన రాత్రి తాళపుచెవి ఎవరి యొద్ద ఉన్నదో వెదకవలెను. బందరులో తుపానును కనిపెట్టు రాడారు వచ్చినది, ఆకాశమున ఇన్సాట్ ఉపగ్రహములు వచ్చినవి. తుపాను ఎక్కడున్నదో గంట గంటకు చూచుట సాధ్యమైనది.

అయితే సహోదరులారా, రాడారు మనుష్యుని లేపి బస్సు ఎక్కించదు. ఎవడో ఒకడు నిర్ణయము చేయవలెను. ఇక్కడనే అసలు కష్టము. వాతావరణ శాఖ తీరము దాటుటకు 48 గంటల ముందు ఒక హెచ్చరికయు, 24 గంటల ముందు మరి గట్టి హెచ్చరికయు ఇచ్చును. కాని ఆ దినములలో ఒక దినము ముందుగా చెప్పిన చోటికిని, తుపాను నిజముగా దాటిన చోటికిని నూరు కిలోమీటర్లకు మించి తేడా ఉండుట మామూలే. నేడు ఆ తేడా చాల తగ్గినది, పూర్తిగా పోలేదు. ఇంక కొంతసేపు ఆగినయెడల చోటు స్పష్టమగును. అయితే అంతవరకు ఆగినయెడల గాలి లేచును, చెట్లు రోడ్డుమీద పడును, బస్సు నడువదు, ముసలివారు కదలలేరు. కాబట్టి నిశ్చయము కలుగక ముందే, పగటి వెలుగుండగనే ఆజ్ఞ ఇయ్యవలెను. దాని అర్థమేమి? ఒక్క ఊరిని కాపాడుటకు ఐదు ఊళ్లను లేపవలెను. మరునాడు నాలుగు ఊళ్లవారు ఇంటికి వచ్చి, "ఏమీ కాలేదు, ఊరక తిప్పిరి" అందురు. ఆ నాలుగు ఊళ్ల తిట్లు తినుటకు సిద్ధపడినవాడే ఐదవ ఊరిని కాపాడగలడు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ప్రకారము జిల్లాలో ఈ బాధ్యత వహించు సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. ఆ కుర్చీ మెత్తనిది కాదు.

1990తో అంతయు చక్కబడినదని అనుకొనవద్దు. 1996 నవంబరు 6న కోనసీమమీద పడిన తుపాను పరిమాణమునకు చిన్నదే. త్వరగా బలపడినది. సముద్రముమీద వేటలో ఉన్న జాలరులు అనేకులు తిరిగి రాలేదు. వెయ్యిమందికి పైగా పోయిరి.

ధనము గల దేశములలోనైనను ఇదే కష్టము. 2005 ఆగస్టులో కత్రినా అను హరికేన్ అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ పట్టణముమీదికి వచ్చినప్పుడు, అందరును పట్టణము విడువవలెనను ఆజ్ఞ వచ్చినది ఆదివారము ఉదయము. తుపాను వచ్చినది సోమవారము ఉదయము. నిండ ఒక దినమైనను లేదు. కార్లున్నవారు వెళ్లిరి. కార్లు లేని బీదలు, ముసలివారు, ఆసుపత్రిలో ఉన్నవారు మిగిలిరి. పట్టణపు బస్సులు అనేకములు వారిని ఎక్కించుకొనకయే నిలిచిన చోటనే నీట మునిగెను.

ఈ సంగతి చదివినప్పుడు నాకు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము జ్ఞాపకము వచ్చినది. పౌలు ఖైదీగా రోమాకు పోవుచున్నాడు. మంచిరేవులు అను చోట, ఇక ముందుకు పోవద్దు, ప్రాణనష్టము కలుగునని ఆయన చెప్పెను. శతాధిపతి ఆయన మాట వినక ఓడ నడుపువాని మాటయు, ఓడ యజమానుని మాటయు వినెను. నేను శతాధిపతిని అంతగా తప్పుపట్టను. ఓడ సంగతి ఓడవానిని అడుగక ఖైదీని అడుగుదురా? అయితే ఆ ఓడలో గోధుమలున్నవి. సరుకు ఆగినయెడల నష్టము ఎవరికో మనకు తెలియును. ఎక్కువమంది పోదమనిరి. దానికి తోడు దక్షిణపు గాలి మెల్లగా వీచినది. ఆ మెల్లని గాలియే వారిని మోసపుచ్చెను. తరువాత పెనుగాలి పట్టుకొన్నప్పుడు పౌలంతటివాడు సహితము "నా మాట వినియుండవలసినది" అని ఒకసారి అనక మానలేదు. మనుష్యుడే గదా! కాని అని ఊరకుండలేదు. పడవ దించుకొని తాము మాత్రము తప్పించుకొన జూచిన నావికులను ఆపించెను, అందరిచేతను అన్నము తినిపించెను. ఓడ పోయినది, గోధుమలు పోయినవి. 276 మందిలో ఒక్కడును పోలేదు.

ఇప్పుడు మన బాయికి రండి. ఇక్కడ కూర్చున్నవారిలో సగముమందికి నేను చెప్పబోవునది నాకంటె బాగుగా తెలియును. షిఫ్టు మొదట మైనింగ్ సర్దారు పని స్థలమునకు పోయి కర్రతో కప్పు తట్టి చూచును. గట్టి కప్పు ఒక విధముగా మ్రోగును, విడిన కప్పు బోలుగా మ్రోగును. బోలుగా మ్రోగినచో అక్కడ పని ఆపి మనుష్యులను వెనుకకు తీయును. ఆ షిఫ్టు బొగ్గు పోవును, పైవారు అడుగుదురు. సపోర్టులు పెట్టి సరిచేయుదురు. ఆ దినమున కప్పు పడకపోవచ్చును. పడలేదు గనుక సర్దారు అబద్ధికుడని ఎవడైనను అనునా? రిటైరైన మన సంఘ పెద్ద ఒకరిని, ఓవర్‌మన్‌గా చేసినవారిని, నేను ఈ మాటే అడిగితిని. ఆయన నవ్వి, "కప్పు పడలేదని సర్దారును తిట్టినోణ్ణి నేను చూడలే అయ్యగారూ. పడ్డంక, ముందుగాల ఎందుకు చెప్పలేదని ఏడ్చినోళ్లను చూసిన" అనెను. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు చొరబడి 17 మంది పోయిన దినమును మన ఊరు మరువలేదు. నీరు ఎట్లు వచ్చునో మనకు ఎవరును నేర్పనక్కరలేదు.

బాయి లోపల ఇంత తెలివిగా ఆలోచించు మనము బాయి పైకి వచ్చినతోడనే వేరు మనుష్యులమగుచున్నాము. ఇందుకు దూరము పోనక్కరలేదు. 2022 జూలై 13న కడెం ప్రాజెక్టు సంగతి మీకు తెలియును. గేట్లు విడువగలిగినది సుమారు 3 లక్షల క్యూసెక్కులు, పైనుండి వచ్చినది 5 లక్షలు. ఒక గేటు తెరచుకొననే లేదు. 1958లో ఆ కడెం కట్ట ఒకసారి తెగియున్నది. దిగువ ఊళ్లను ఖాళీ చేయించిరి. కట్ట నిలిచినది. రాష్ట్రమంతయు ఊపిరి పీల్చుకొన్నది, దేవునికి స్తోత్రము. మూడు దినముల తరువాత జూలై 16న భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు వచ్చినది, 1986లో 75.6 అడుగులు వచ్చిన తరువాత అంత నీరు అక్కడ చూడలేదు. అక్కడను వేలమందిని లేపిరి. కాని కడెం దిగువవారిని తరువాత కలిసినప్పుడు నేను విన్నదేమి? "కట్ట తెగలే గద సార్, ఊకెనే ఉరికిచ్చిండ్రు" అని.

యోనా దగ్గరకు వచ్చితిమి. నలువది దినములలో పట్టణము నాశనమగునని ఆయన నీనెవెలో చాటెను. చేప కడుపునుండి వచ్చినవాడు గనుక గట్టిగానే చాటియుండును. రాజు మొదలుకొని పశువులవరకు ఆ పట్టణము వినెను. నాశనము రాలేదు. ప్రవక్తలందరిలో హెచ్చరించి, వినబడి, పట్టణమంతయు బ్రతుకగా చూచిన భాగ్యము ఆయనకు దక్కినట్లు మరియొకనికి దక్కలేదు. ఆయనయేమో ఊరి వెలుపల సొరచెట్టు నీడన అలిగి కూర్చుండెను. తన మాట వ్యర్థమాయెనని కోపము. ఈ కోపము రెండు వైపులను ఉన్నదని నేను తెలిసికొన్నాను. చెప్పినవానికి తన మాట నిజము కాలేదని కోపము, కదలినవానికి ఊరక కదలితినని కోపము. మొదటి కోపమునకు భయపడు అధికారి మరుసటిసారి ఆలస్యము చేయును. రెండవ కోపము గల మనుష్యుడు మరుసటిసారి కదలడు. ఈ రెండును ఒక్క రాత్రి కలిసినయెడల ఏమగును? నేను పైన చెప్పిన దివిసీమ అగును.

ఇంతవరకు చెప్పి కూర్చుండవచ్చును. కాని కోపపడినవారి పక్షమున ఒక సంగతి ఉన్నది. అది చెప్పక పోయినయెడల నేను అన్యాయస్థుడనగుదును.

అదే 2022 జూలైలో నది ఒడ్డున తగ్గులో ఉన్నవారు ఇండ్లు ఖాళీ చేయవలెనని మైకు కట్టిన ఆటో తిరిగినది. మన సంఘ సభ్యురాలు ఒక పెద్దమ్మ, కార్మికుని విధవరాలు, అక్కడ ఒంటరిగా ఉండును. ఆమె రానన్నది. నేనును ఇద్దరు యౌవనస్థులును పోయి ఒక గంట బ్రతిమాలి, ఆమెను మన చర్చి హాలుకు తీసికొని వచ్చితిమి. రెండు రాత్రులు ఉన్నది. నీరు ఆమె గడప దగ్గరకు వచ్చి ఆగినది. ఇంటికి పోయి చూడగా ఆమె రెండు మేకలను ఎవరో తోలుకొనిపోయిరి. ఆదివారము ఆరాధన తరువాత ఆమె నా యొద్దకు వచ్చి, కోపము లేకుండనే, "నీళ్లు నా గడప దాటలె అయ్యగారూ. నీ మాట ఇని నేనే గడప దాటిన. మేకలు పోయినయి" అనెను.

నాకు జవాబు దొరకలేదు. "ప్రాణము దక్కినది గదా అమ్మా" అంటిని. ప్రాణమునకు ఆ దినమున ఏ అపాయమును రాలేదు గనుక ఆ మాట నాకే తేలికగా తోచెను.

మరుసటి సంవత్సరము 2023 జూలైలో మరల కుండపోతగా వానలు కురిసినప్పుడు నేను మరల పోతిని. ఆమె మరల కొన్న మేక త్రాడు చేత పట్టుకొని, "ఈసారి దీనితోనే ఉంట" అనెను. నేను ఎక్కువ బ్రతిమాలలేదు. సిగ్గుపడితిని. నిజము చెప్పవలెనంటే, మరల నీరు రాకపోయినయెడల నా మాటకు విలువ పోవునని భయపడితిని. సొరచెట్టు క్రింద కూర్చున్నది యోనా ఒక్కడే కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిద్ర పట్టలేదని చెప్పుకొనుటలో గొప్ప ఏమియు లేదు. పోయి ఆమె అరుగుమీద కూర్చోవలసినది. నీరు రాలేదు.

తరువాత ఆలోచింపగా, దివిసీమలో పశువులకొరకును పంటకొరకును ఆగిపోయినవారికిని ఈ పెద్దమ్మకును భేదము లేదని నాకు తోచినది. ఉద్యోగము గలవాడు ఇల్లు విడిచిన యెడల జీతము ఎక్కడికిని పోదు. బీదవాని ఆస్తి కొట్టములో కట్టివేసియుండును. ఊరు విడువుమని ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఆ ఆజ్ఞకు వెల చెల్లించువాడు వాడే. ఉప్పెన వచ్చినను చెల్లించును, రాకపోయినను చెల్లించును. బస్సులు, బియ్యము, షెల్టర్లు ప్రభుత్వము చూడవలెను, చూడనప్పుడు మనము అడుగవలెను. విడిచిన ఇంటికి కాపలా ఎవరు, పశువు ఎక్కడ అను ప్రశ్నలు అధికారుల కాగితములలో చివరికి వచ్చును. అవి మొదటికి రావలెను. మనుష్యుని కాలు ఆగునది అక్కడనే.

అందుచేత పాస్టరేట్ కమిటీలో ఈ సంవత్సరము నేను మూడు సంగతులు పెట్టితిని. ఒకటి, హాలు తాళపుచెవి నా ఇంట మాత్రమే కాక హాలుకు దగ్గరనున్న రెండు ఇండ్లలో ఉండవలెను. రెండు, తగ్గులో ఉన్న మన సభ్యుల ఇండ్లు ఏవి, వారిలో నడువలేనివారు ఎవరు అని స్త్రీల మైత్రివారు వానలకు ముందే వ్రాసికొనవలెను. మన సంఘమువారు కాకపోయినను ప్రక్క ఇంటివారిని సహితము వ్రాయవలెను, నీరు బాప్తిస్మపు రిజిస్టరు చూచి రాదు గదా. మూడు, ఖాళీ చేసిన ఇండ్లు ఉన్న వీధి మొగలో, నీటికి దూరముగా, షిఫ్టు లేని యౌవనస్థులు వంతులవారీగా రాత్రి కాపలా ఉండవలెను. మూడవదానిమీద కొంత వాదన జరిగినది. నీటి దగ్గర పిల్లలను నిలుపుట ఏమి తెలివి అని ఒకరు అడిగిరి. మంచి ప్రశ్న. అందుకే "నీటికి దూరముగా" అను మాట తరువాత చేర్చితిమి.

నాలుగవది ఎజెండాలో లేదు. హాలు వెనుక, ప్రహరీ గోడ ప్రక్కన, పది పదిహేను మేకలు కట్టుకొనుటకు రేకులు వేయుదమని కోశాధికారి తానుగా లేచి చెప్పెను. శతాబ్ది కానుకలోనుండి మేకల కొట్టమా అని ఒకరిద్దరు నవ్విరి. రేకులు వచ్చినవి, గుంజలు పాతిరి.

పోయిన వారము పెద్దమ్మకు ఈ సంగతి చెప్పితిని. "మంచి రేకులేనా అయ్యగారూ, కురుస్తదా?" అని అడిగినది. వచ్చే ఆదివారము ఆరాధన అయిన తరువాత తానే వచ్చి చూచెదనన్నది.